కొసరు పిల్లి

నెల్లూరు, కాలేజీ హాస్టల్
ఆగస్టు, ఆదివారం

వదినా,

నీ ఆడపడుచు బాగానే ఉంది. హాస్టల్ సాంబారు తాగి కూడా బతికే ఉంది. ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆదివారం కాసేపు ఇస్తే, ఆ కాసేపూ అమ్మే మాట్లాడుతుంది. "తిన్నావా, జడ అల్లుకున్నావా, ఎవురితోనూ గొడవ పడబాక" అనేలోపు వార్డెన్ చెయ్యి చాపుతుంది. నీతో నాలుగు మాటలు ఆడాలంటే ఉత్తరమే గతి.

కాలేజీలో నాకు కొత్త లాప్‌టాప్ ఇచ్చారు. పాతది చేపల వ్యాన్ నరేంద్రబాబన్న చేతికి ఇచ్చి పంపుతున్నాను. అది నీకే. మూత గోడకు ఆనించి తెరువు, లేకపోతే వెనక్కి వాలిపోతుంది. ఇంటర్‌తో ఆపేశాను, నాకెందుకు అనకు. నీ కంటే తక్కువ చదివినవాళ్లు దాని మీద సినిమాలు చూస్తున్నారు.

అందులో నాకిష్టమైన చిన్న చిన్న ప్రోగ్రాములు వేసి పెట్టాను. మా సార్ వాటిని ఆడ్-ఆన్‌లు అంటారు, నేను కొసర్లంటాను. అమ్మ సూళ్లూరుపేట బజార్లో చేపలు తూచాక పైన రెండు వేస్తుంది చూడు, అలాంటివి. అవి లేకపోయినా లాప్‌టాప్ నడుస్తుంది, కానీ ఉంటేనే నడపాలనిపిస్తుంది. ఒకటి పొద్దు గూకగానే తెరను పసుపు రంగు చేస్తుంది, కళ్లు మండవు. ఒకటి మా వార్డెన్ చెల్లెలు, కదలకుండా కూర్చుంటే "లేచి నీళ్లు తాగు" అని అడ్డం వస్తుంది. ఇంకొకటి నువ్వు తెలుగులో ఏం కొడితే అది పైకి చదువుతుంది. గొంతు ఇనుప డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, భయపడకు.

అన్నిటికన్నా నాకిష్టమైనది తెర అడుగున నడిచే బూడిద రంగు పిల్లి. దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది, అంతే. అది నడుస్తుంటే నాకు చదువు సాగుతుంది.

పక్కింటి అంకాలమ్మవ్వకు చూపించు. అమ్మ బజారుకు పోతే నన్ను ఒళ్లో వేసుకుని పెంచింది ఆమే కదా, నా వస్తువు మీద మొదటి హక్కు ఆమెదే.

నీ రోజా


ఇసకకుప్పం
ఆగస్టు చివర

రోజాకు వదిన ఆశీస్సులు (వద్దన్నా తీసుకో, పెద్దదాన్ని),

లాప్‌టాప్ చేపల వాసనతో భద్రంగా చేరింది. ఈ కాలంలో ఉత్తరాలేందమ్మా అని పోస్టుమన్ నవ్వినాడు. మా ఆడపడుచు పాతకాలం మనిషి అని చెప్పాను.

నీ వార్డెన్ చెల్లెలితో పడలేకున్నాను. నేను కూర్చునేదే రోజులో అరగంట, అందులోనూ లేచి నీళ్లు తాగమంటుంది. మా అత్త కూడా నన్ను అంత తరమలేదు. దాన్ని తీసేశాను, కోపం తెచ్చుకోకు.

ఇంక పిల్లి సంగతి. అవ్వ నా పక్కన పీట వేసుకుని కూర్చుని దాన్ని చాలాసేపు చూసింది. "ఎవురి పిల్లి మే ఇది? ఊరికే అటూ ఇటూ తిరగతాండాది. ఇంత చేప తలకాయ వేసే దిక్కే లేదా దీనికి?" అంది. బొమ్మ అవ్వా అంటే, "బొమ్మయితే మాత్రం, తిరిగితే ఆకలి కాదా" అంది. దానికి పనిలేనిది అని పేరు పెట్టింది. ఇప్పుడు పొద్దున్నే వాకిట్లోంచి అడుగుతుంది, "పనిలేనిదానికి ఏమన్నా పెట్టినావా" అని.

చదివే కొసరుతో ఇంకా గొప్ప పని చేసింది. తన వల తీసుకుపోయి తిరిగివ్వలేదని తన తమ్ముడు చెంచయ్య మీద అవ్వకు కోపం కదా. నన్ను కొట్టమని చెప్పింది, "ఒరే చెంచయ్యా, నువ్వు మనిషివా మానువా, నా వల యాడరా" అని. చెంచయ్య మామ వీధిలో పోతుంటే దాన్ని పెద్దగా పలికించింది. రైల్వే స్టేషన్లో బండి వస్తుందని చెప్పే ఆమె గొంతు. మామ ఎవరో ఆఫీసరమ్మ పిలుస్తోందనుకుని తలగుడ్డ తీసి చేతులు కట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వల అవ్వ అరుగు మీద ఉంది.

ఈ మధ్య ఇంతగా నవ్వింది లేదు రోజా.

వనజాక్షి వదిన


నెల్లూరు
సెప్టెంబరు

వదినా,

నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. అందరూ అవ్వ పార్టీలో చేరారు.

ఇప్పుడు అసలు సంగతి. మా సార్ ప్రతి ఒక్కరినీ సొంతంగా ఒక కొసరు తయారు చేయమన్నారు. అందరూ క్రికెట్ స్కోరు చెప్పేవి చేస్తున్నారు. నేను పెద్ద మడుగు వంతు చెప్పేది చేశాను. మా సరస్సులో రొయ్యలు బాగా పడే ఆ చోట, ఊరు లాట్లు వేసుకున్న వరసలో రోజుకు ఒక్క ఇల్లే వల వేస్తుందని సార్‌కు వివరించాను.

నిరుడు అన్న మన వంతు పోగొట్టడం గుర్తుందా? తడ ఫ్యాక్టరీలో లోడింగుకు పోయి, ఊళ్లో ఏ రోజు ఎవరిదో లెక్క మరిచి, రొయ్యలు పడే కాలంలో మన రోజును ఖాళీగా పోనిచ్చాడు. అమ్మ వారం మాట్లాడలేదు. మళ్లీ ఆ గొడవ రాకూడదు. ఇది తెర మూలన కూర్చుని, ఈ పూట పెద్ద మడుగు ఎవరి ఇంటిదో పేరు చూపిస్తుంది. మన వంతు రేపు అనగా సాయంత్రం గుడి గంట మోగిస్తుంది. గంట వినగానే అన్న వల సర్దుకోవడమే.

అన్న చెప్పిన కట్టుబాటే పెట్టాను. గాలి వచ్చినా వాన వచ్చినా వంతు ఆగదు, పోలేనివాడి ఖర్మ. రెండింటికే ఆగుతుంది. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు మనల్ని నీళ్లలోకి పోనివ్వరు, ఆ రోజు లెక్కలోకి రాదు. ఊళ్లో ఎవరైనా కన్నుమూస్తే ఆ రోజు ఎవరి వలా తడవకూడదు, అదీ లెక్కలోకి రాదు. ఆగిన వంతు మర్నాటికి జరుగుతుంది.

రాకెట్ తేదీ ముందే చెబుతారు గనక వేసేశాను. రెండోదానికి చోటు పెట్టలేదు వదినా. చావుకు ఒక మీట తయారు చేసి మన ఇంట్లో ఉంచడానికి నాకు మనసొప్పలేదు. అలాంటిది జరిగితే నువ్వు ఎలాగూ రాస్తావు, నేను సరిచేసి పంపుతాను. పెన్‌డ్రైవ్ నరేంద్రబాబన్న తెస్తాడు.

రోజా


ఇసకకుప్పం
అక్టోబరు

రోజాకు,

గంట మోగింది. మీ అన్న అన్నం ముందు నుంచి లేచి మరీ వచ్చి చూశాడు. మర్నాడు మన వంతే, సరిగ్గా చెప్పింది. వల నిండా పడలేదు గాని, చెప్పిన రోజు చెప్పినట్టు ఉంది కదా అని మీ అన్న మురిసిపోయాడు.

ఆయన నోట్లో నువ్వు గింజ నానదని నీకు తెలుసు. రచ్చబండ దగ్గర నిలబడి "మా చెల్లెలు చేసినాది, ఇంక మేం వేళ్లు మడవాల్సిన పనిల్యా" అని చాటింపు వేశాడు. చెంచయ్య మామకు కాస్త మండింది. లాట్లలో ఆయన ఇల్లు మన ముందే కదా, ఆయన మర్నాడు మనది. "యంత్రం తప్పు చెప్తే ఏంది పెంచలా? ఇంకొకరి పొద్దున వల వేసినోడికి ఏడాది పెద్ద మడుగు ల్యా, గుర్తుండాదా" అన్నాడు. మీ అన్న నవ్వేసి వచ్చాడు. నాకు మాత్రం ఆ మాట గుండెలో ముల్లులా ఉండిపోయింది. డిసెంబరులో వచ్చే వంతు మీదే కొత్త వల ఆశ అంతా.

అవ్వ తెర మూలన అందరి పేర్లూ చదివించుకుంటుంది. తన పేరు ఎందుకు రాదని అడిగింది. నీకు పడవ లేదు కదవ్వా అన్నాను. "పిల్లికి మాత్రం ఉండాదా" అంది.

వనజ


నెల్లూరు
నవంబరు

వదినా,

సార్‌కు నా కొసరు నచ్చింది. పరీక్షల ఆఖరి రోజు అందరి ముందూ చూపించాలట. రాకెట్ సంగతి చెబితే క్లాసంతా చప్పట్లు కొట్టింది. మొన్న రాకెట్ చెప్పిన రోజే లేచింది కదా, మేడ మీద నిలబడి చూశాను. తెల్లటి గీత, తర్వాత పొగ. మన ఊళ్లో గిన్నెలు గలగలమని ఉంటాయి, అవ్వ తిట్టి ఉంటుంది అనుకున్నాను.

అవ్వ ఏమంటోంది? పనిలేనిదానికి రాత్రి పూట పడుకునే చోటు చేద్దామనుకుంటున్నాను, ఆమెను అడిగి రాయి. వచ్చే నెల మధ్య దాకా పరీక్షలు.

రోజా


ఇసకకుప్పం
నవంబరు చివర

రోజాకు,

అందరం బాగున్నాం. వానలు పడుతున్నాయి, నీళ్లు మంచిగా చేరాయి. రొయ్యలు బాగా పడతాయని అనుకుంటున్నారు. నువ్వు చదువుకో, ఊరి మీద ధ్యాస పెట్టుకోకు. వేళకు తిను.

నీ పిల్లి తిరుగుతూనే ఉంది.

వదిన


ఇసకకుప్పం
డిసెంబరు

రోజాకు,

పరీక్షల మధ్య ఇది రాయకూడదు. మీ అన్న రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను.

మా తమ్ముడి బిడ్డకు పేరు పెడుతున్నారని నేను తడకు పోయాను. ఇంట్లో గంట మోగింది. మీ అన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మనిషి వచ్చినట్టే వల సర్దుకుని, తెల్లవారకముందే పెద్ద మడుగులో కట్టాడు. అది మన రోజు కాదు. చెంచయ్య మామ రోజు. గంట ఒక రోజు ముందు మోగింది.

మామ పడవేసుకుని వచ్చి మన వల చూసి తెడ్డు పక్కన పడేశాడట. పడవలోనే కూర్చున్నాడట. తిట్టినా బాగుండేదని మీ అన్న అంటున్నాడు. మర్నాడు మన రోజున మన్ని దిగనివ్వలేదు. ఆదివారం పెద్దలు కూర్చుంటారు. ఏడాది పాటు పెద్ద మడుగు లేదంటే మనకు మిగిలేది తడలో లోడింగే. అత్త పొయ్యి వెలిగించడం కూడా నాకే వదిలేసింది.

ఊళ్లో అందరూ రోజా యంత్రం తప్పు అంటున్నారు. పొరపాటు యంత్రానిదే, మా అన్నది కాదు అని పెద్దల ముందు చదవడానికి నాలుగు ముక్కలు రాసి పంపు. అంత చాలు. ఎందుకు, ఏమిటి అని వెతుక్కుంటూ కూర్చోకు. చదువుకో.

వదిన


నెల్లూరు
డిసెంబరు, బుధవారం

వదినా,

పెద్దల ముందు చదవమన్నావు కదా, ఇది చదువు.

నా కొసరును మళ్లీ మొదటి నుంచి నడిపి చూశాను. లాట్లు వేసిన రోజు నుంచి ప్రతి ఇంటి పేరూ వరసగానే వచ్చింది. లెక్క తప్పలేదు. అయినా ఒక్క రోజు తేడా వచ్చింది. అంటే ఊరు ఒక రోజును వదిలేసింది, నా యంత్రానికి ఆ సంగతి తెలియదు.

గాలివానకు వంతు ఆగదు. రాకెట్ చెప్పిన రోజే లేచింది, నా కళ్లతో చూశాను. ఇంక మిగిలింది ఒక్కటే.

ఊళ్లో ఎవరు పోయారు వదినా?

నీ ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. ఆఖరి రెండింట్లో అవ్వ లేదు. పనిలేనిది ఏం తినిందని అడగలేదు, ఎవరినీ తిట్టలేదు. నీ పిల్లి తిరుగుతూనే ఉంది అని మాత్రం రాశావు.

అవ్వేనా?

రోజా


ఇసకకుప్పం
డిసెంబరు, ఆదివారం సాయంత్రం

నా బంగారు తల్లీ,

అవ్వే.

జ్వరం రెండు రోజులే. బాధ పడలేదు. మన ఇంట్లోనే, మీ అమ్మ చేతి మీద పోయింది. నీకు కబురు పెడతామంటే ఒప్పుకోలేదు. "పిల్లకు పరీచ్చలంట. అయ్యేదాకా చెప్పబాకండి. చెప్తే అది అన్నీ ఇడిసిపెట్టి వస్తాది" అంది. నా చేత ఒట్టు వేయించుకుంది. నువ్వు వచ్చేదానివే, కాదనకు.

ఆ పొద్దున వల ఎవరిదీ తడవలేదు. నీ కొసరు మాత్రం ఒక పేరు ముందుకు జరిగిపోయింది. సరిచేయమని నీకు రాయాలంటే అవ్వ సంగతి రాయాలి. అందుకని నేనే రోజూ మనసులో ఒక రోజు కలుపుకుంటూ వచ్చాను. మీ అన్నకు చెప్పాలనుకుంటూనే తడ బస్సు ఎక్కేశాను. ఆయనకు గంట మోగితే బుర్ర మూగబోతుంది. తప్పు నాదైతే నీ మీదకు తోశాను. ఆ ఉత్తరం పోస్టు చేసిన దగ్గర నుంచీ అన్నం సయించలేదు.

నిన్న పొద్దుగూకే వేళ నీ ఉత్తరం వచ్చింది. విప్పడానికి భయమేసి కొంగున ముడివేసుకున్నాను. ఇవాళ రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చున్నారు. మీ అన్న "మా చెల్లెలు రాసినాది, చదవనీండి" అన్నాడు. అందరి ముందూ అప్పుడే విప్పి చదివాను. "ఊళ్లో ఎవరు పోయారు వదినా" అన్న దగ్గరికి వచ్చేసరికి ఇంక చదవలేకపోయాను. కాగితం పెద్దల చేతికి ఇచ్చేశాను. వాళ్లూ మనసులో చదువుకుని పక్కవాళ్లకు ఇచ్చారే గాని పైకి ఎవరూ చదవలేదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు.

చెంచయ్య మామ లేచాడు. ఇంకా గడ్డం తీయలేదు ఆయన. "మా అక్క పోయిన సంగతి ఊరంతటికీ చెప్పి, ఆ పిల్లకు చెప్పలేదా మీరు" అన్నాడు. మీ అన్న తల వంచుకున్నాడు. మామ పెద్దల వైపు తిరిగాడు. "ఆ పొద్దు నాది. నేనే పెంచల్‌కు ఇచ్చినాననుకోండి. ఇచ్చిన పొద్దున వేస్తే తప్పు ల్యా గదా. వచ్చే నెల వాడి పొద్దు నాకిస్తే సరిపాయ. రొయ్యలు వాళ్లే ఉంచుకోమనండి" అన్నాడు.

పెద్దలు ఒప్పుకున్నారు. ఇచ్చిపుచ్చుకున్న రోజుకు కట్టుబాటు అడ్డం రాదన్నారు. పెద్ద మడుగు మనకు ఉంది రోజా. అత్త ఇంటికి వచ్చి తనే పొయ్యి వెలిగించింది.

అవ్వ ఆఖరి రోజు కూడా అడిగింది, "పనిలేనిదానికి పెట్టినావా మే" అని. పెట్టానవ్వా అన్నాను. అబద్ధమే, కానీ పడుకుంది.

నన్ను తిట్టి ఉత్తరం రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

వనజ


నెల్లూరు
డిసెంబరు ఆఖరు

వదినా,

తిట్టడానికి కూర్చున్నాను, ఏడుపే వచ్చింది. మూడు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. నువ్వు ఒట్టు నిలబెట్టుకున్నావని తెలుసు, అయినా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. అవ్వ నాకు పరీక్ష రాయించి పోయింది, ఆమె పంతమే నెగ్గింది.

క్లాసులో కొసరు చూపించేటప్పుడు సార్ అడిగారు, ఇందులో లోపం ఏమైనా ఉందా అని. ఉంది సార్ అన్నాను. మా ఊళ్లో ఒక మనిషి పోతే ఊరంతా ఆగుతుంది, ఇది ఆగదు అని చెప్పాను. సరిచేసి తీసుకురా అన్నారు.

పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. కొత్తగా ఒక మీట ఉంది. దాని మీద "ఇవాళ వల తడవదు" అని మాత్రమే రాశాను. నొక్కితే వంతు ఆ రోజుకు ఆగుతుంది. ఆ మీట నీ చేతిలోనే ఉంచుకో, అన్న ముట్టుకోకూడదు. పోయిన రోజులకు కూడా నొక్కవచ్చు. మొదటిది అవ్వ రోజుకు నువ్వు నొక్కు. నేనే నొక్కి పంపగలను గాని, నేను ఆ రోజు అక్కడ లేను కదా.

ఇంకొక రెండు మార్పులు పిల్లికి చేశాను. అవి చెప్పను, నువ్వే చూడు. జనవరిలో మామ మన రోజున వల వేసేనాడు ఆయన్ను కూడా పిలిచి చూపించు.

సెలవులకు వస్తున్నాను. అవ్వ అరుగు మీద కాసేపు కూర్చోవాలి, నువ్వు పక్కన ఉండు.

నీ రోజా


ఇసకకుప్పం
జనవరి

రోజాకు,

నువ్వు వచ్చి వెళ్లాక ఇల్లు బోసిపోయింది. నీ జడ క్లిప్పు ఇక్కడే మరిచిపోయావు, అత్త దాన్ని దేవుడి గూట్లో పెట్టింది, ఎందుకో అడగకు.

నువ్వు ఉండగా నొక్కుదామంటే నీకు చెయ్యి రాలేదు, నాకూ రాలేదు. నువ్వు బస్సెక్కాక నొక్కాను. పిల్లి నడుస్తూ నడుస్తూ తెర మధ్యలో ఆగి, ముందు కాళ్లు చాపి తల ఆనించి పడుకుంది. ఆ పూటంతా లేవలేదు. అత్త చూసి, లాప్‌టాప్ ముందు నుంచి చీపురు తీసి పక్కన పెట్టింది. మూలన పేరు ఒకటి వెనక్కి జరిగింది. ఇప్పుడు ఊరి లెక్కా దాని లెక్కా ఒకటే.

నిన్న మన వంతు రోజు, మామకు ఇచ్చిన రోజు. రొయ్యలు బాగా పడ్డాయి. మామ మన వాకిట్లో గంప దించి, కాళ్లు కడుక్కుని, నువ్వు చూపించమన్నావని చెబితే లోపలికి వచ్చాడు. తెర వెలిగించాను. పిల్లి ఈ చివర నుంచి బయలుదేరింది. మధ్యలో ఒక చేప తలకాయ ఉంది, కళ్లతో సహా గీశావు. పిల్లి దాని ముందు కూర్చుని తినడం మొదలుపెట్టింది.

మామ తలగుడ్డ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. పిల్లి మొత్తం తినేదాకా నిలబడే చూశాడు. తర్వాత నన్ను అడిగాడు, "మా అక్క మాట్లాడించినాదే, ఆ ఆఫీసరమ్మ, ఉండాదా ఇంకా?" ఉంది మామా అన్నాను. ఏం పలికించమంటావు అని అడిగాను.

ఆయన చెప్పాడు. నేను కొట్టి, చదివే కొసరు మీట నొక్కాను. రైల్వే స్టేషన్ గొంతుతో ఇల్లంతా వినబడేలా చదివింది:

"అక్కా, పిల్లికి పెట్టినాము."

వనజ వదిన